పదకొండో గడి

ఎమ్.కామ్. దరఖాస్తులో పదకొండో గడి దగ్గర
కలం ఆగింది.

అంతవరకూ బాగానే వచ్చాను.
డిగ్రీ మార్కుల జాబితా ఉంది.
టీసీ ఉంది, మడత దగ్గర చిరిగితే
అన్నం మెతుకులతో అతికించింది.
మైగ్రేషన్ కాగితం కోసం రెండుసార్లు బస్సెక్కాను,
మొదటిసారి చలానా మీద ఇంటిపేరులో ఒక కొమ్ము తగ్గిందని.
అకౌంటెన్సీలో నలభై అయిదు శాతం ఉండాలన్నారు,
నాకు యాభై ఒకటి.

పదకొండు:
డిగ్రీకీ దీనికీ మధ్య తొమ్మిదేళ్ళ ఖాళీకి
కారణం తెలుపుతూ నోటరీ ప్రమాణపత్రం జతపరచవలెను.

ఖాళీ.

అంబాజీపేటలో సూరపరాజు గారి కొబ్బరి రాశుల దగ్గర
పొద్దున్న ఆరింటికి మొదలయ్యే ఖాళీ.
మేడిశెట్టి అబ్బులు రెండు చేతులా కాయలు విసురుతుంటే
నేను గీతలు పెడతాను.
లాభం, అంటాడు మొదటి విసురుకి.
తరవాత రెండు, మూడు.
మా రాశి దగ్గర ఒకటి అనే అంకె లేదు.
సిలబస్ పుస్తకంలో లాభం ఆఖరి పేజీలో వస్తుంది,
ఖర్చులన్నీ పోగా, మిగిలితే.

వెయ్యికి ఇన్నని కొసరు వేస్తాం.
ఆ కొసరుకి ఏ ఖాతా అని
ఆడిటర్ గారి కుర్రాడిని అడిగాను.
ఏటా మార్చిలో వస్తాడు,
నా కూడికలు చూసి, టీ తాగి,
కింద ఆయన సంతకానికి చోటు వదిలి పోతాడు.
వదిలెయ్యండి మేడమ్, అన్నాడు.
ఈ పట్టాతో నాకు ఆ సంతకం రాదని తెలుసు.
అయినా వదల్లేదు.

గోదారి లంకల మీదికొచ్చిన ఏడు
చిట్టా పుస్తకాలు నెత్తిన పెట్టుకుని
మొలలోతు నీళ్ళలో నడిచాను.
మూడో పుస్తకానికి ఇప్పటికీ బురద అంచు.
దానికి తరుగు ఎంత రాయాలి?

ఇంకా ఉంది. నాలుగు సెమిస్టర్లు, ఎనభై క్రెడిట్లు.
క్రెడిట్ రాసినప్పుడల్లా ఎదురుగా డెబిట్ వెతకడం నాకు అలవాటు.
ఈ కాగితంలో ఆ వైపు లేదు.
ఆరు వారాల ఇంటర్న్‌షిప్, నమోదైన సంస్థలో.
సూరపరాజు గారికి లెటర్‌హెడ్ లేదు.
లారీ చీటీ వెనక రాసిచ్చారు:
ఈ అమ్మాయి మా దగ్గర తొమ్మిదేళ్ళుగా చేస్తోంది, తేడా రాలేదు.
చెల్లదట.

అటక మీద కాయలున్నాయి, పోయిన వానాకాలం నాటివి.
ఎవరూ ముట్టుకోరు.
లోపల నీళ్ళు వాటంతటవే ఇంకి
గుండు చిప్పని వదులుతుంది.
దించాక బేరగాడు ఏ పత్రమూ అడగడు,
చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు.
గటగట మంటే
పచ్చికాయ ధర ఎవడూ ఎత్తడు.

యూనివర్సిటీ వారికి చెవి పెట్టే పద్ధతి లేదు కాబట్టి
ఆటో ఎక్కి అమలాపురం వెళ్ళాను.
కోర్టు ఎదురుగా టైపిస్టు తల ఎత్తకుండా అడిగాడు:
కారణం ఏం కొట్టమంటారు?
పెళ్ళా, అనారోగ్యమా, ఆర్థిక ఇబ్బందులా?
లెక్కలు రాశానండి, అన్నాను.
అది కారణం కాదండీ.
ఈ మూడే ఉన్నాయా?
ఆయ్, ఈ మూడేనండి.

పెళ్ళి నిజమే గాని దానికీ దీనికీ సంబంధం లేదు.
జ్వరం కూడా ఎరగను.
ఆర్థిక ఇబ్బందులు, అని కొట్టాడు.
అబద్ధమని కూడా అనలేను.
పైన కుటుంబ బాధ్యతలు అని రెండు మాటలు
అడక్కుండానే కలిపాడు.
కొసరు.

రాత్రి నా సొంత చిట్టా తీసి రాశాను.
ఆటో, రానూపోనూ, ఎనభై.
స్టాంపు కాగితం, ఇరవై.
నోటరీ, నూట యాభై.
తొమ్మిదేళ్ళు.

మొదటి మూడూ ఖర్చుల్లో వేశాను.
నాలుగోది ఎటు వేసినా తూకం కుదరలేదు.
గీత ఖాళీగా వదలకూడదు, అది మొదటి పాఠం.
సస్పెన్స్ ఖాతాలో పెట్టాను,
తేడా ఎక్కడుందో దొరికేదాకా.